ర్యాంపు వేయడం తెలిసిన మేస్త్రిని చూపించండి: అధికారులకు, కాంట్రాక్టర్లకు బహిరంగ లేఖ

పురపాలక శాఖ, దివ్యాంగుల, వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖల ఉన్నతాధికారులకు,
రాష్ట్ర వికలాంగుల కమిషనర్ గారికి,
నిర్మాణ రంగ శిక్షణ సంస్థల బాధ్యులకు,
ఇంటి పనులు చేసే కాంట్రాక్టర్లకు, మేస్త్రిలకు

నమస్కారం.

వీల్‌చైర్ మనిషికి తగ్గట్టు ఇంట్లో మార్పులు చేయడం తెలిసిన పనివాళ్లు ఎవరో తెలిసే ఏర్పాటు కావాలని అర్జీ పెట్టుకుని ఏడాది దాటింది. రసీదు ఇచ్చారు, నంబరు ఇచ్చారు. ఆ నంబరు కొట్టి చూస్తే ఇప్పటికీ "పరిశీలనలో ఉంది" అనే వస్తోంది. స్వయంగా వెళ్లి అడిగితే ఒక కార్యాలయంలో "ఇది మా పరిధిలోకి రాదండీ, పక్కన కనుక్కోండి" అన్నారు. పక్కన కనుక్కుంటే వాళ్లు మొదటి కార్యాలయం పేరే చెప్పారు. అందుకే ఈసారి అందరికీ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఉంటాను. వెన్నుపూస దెబ్బతిన్నప్పటి నుంచి వీల్‌చైర్‌లోనే నా తిరుగుడు. నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఇంటి ముందు ర్యాంపు వేయించాలన్నా, బాత్రూమ్ తలుపు వెడల్పు చేయించాలన్నా, గోడకు పట్టుకునే కమ్మీలు బిగించాలన్నా ఆ పని నిజంగా తెలిసినవాళ్లు ఎవరో డబ్బు ఇవ్వకముందే తెలుసుకునే దారి ఉండాలి. ఇవాళ ఆ దారి లేదు. లేకపోవడం వల్ల ఇళ్లలో ఏం జరుగుతోందో ముందు చెప్తాను, ఏం కావాలో తర్వాత చెప్తాను.

1. ర్యాంపు వచ్చా అని ఏ మేస్త్రిని అడిగినా వచ్చనే అంటాడు. అందులో అబద్ధం లేదు. గేటు ముందు స్కూటర్ ఎక్కించే ర్యాంపులు లెక్కలేనన్ని వేసి ఉంటాడు. బండికి ఇంజను ఉంది కాబట్టి అడుగున్నర ఎత్తును నాలుగడుగుల వాలులో ఎక్కేస్తుంది. వీల్‌చైర్‌కి ఉన్నవి రెండు చేతులు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన ప్రాప్యతా మార్గదర్శకాల (వికలాంగులు కూడా వాడుకోగలిగేలా ఎలా కట్టాలో చెప్పే ప్రమాణాల) ప్రకారం ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. మేస్త్రి భాషలో చెప్పాలంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. అరుగు అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు రావాలి. వెడల్పు నాలుగడుగులు. పైనా కిందా కుర్చీ తిప్పుకోవడానికి ఐదేసి అడుగుల చదును. రెండు పక్కలా కమ్మీ. చక్రం అంచు దాటి పడిపోకుండా చిన్న గట్టు.

మా ఇంట్లో గేటుకీ అరుగుకీ మధ్య ఉన్నది ఏడడుగులు. మొదట వచ్చిన కాంట్రాక్టరు ర్యాంపును ఆ ఏడడుగుల్లోనే ఇరికించాడు. పైగా చూడ్డానికి బాగుంటుందని పాలిష్ గ్రానైట్ పరిచాడు. తొలి వానకే కుర్చీ వెనక్కి జారింది. వెనక పట్టుకున్నది మా ఆవిడ. ఆమె మణికట్టు విరిగింది. ఫోన్ చేస్తే ఆయనన్న మాట ఇది: "వెనకాల మగమనిషి ఎవరైనా గట్టిగా తోస్తే ఎక్కుతుంది కదా సార్!" తర్వాత ఒక కుర్ర ఇంజనీరు వచ్చి, ఇంటి పక్క సందు కొలిచి, కాగితం మీద గీసి చూపించాడు. ర్యాంపు సందులోంచి వెళ్లి, మలుపు దగ్గర చదును తీసుకుని, వంటింటి వైపు తలుపు దగ్గరికి చేరింది. పైన గరుకు సిమెంటు, చీపురుతో గీసిన గీతలు. ఇల్లు అదే, స్థలం అదే, ఎత్తూ అదే. మొదటాయన టేపు తీయలేదు, రెండో ఆయన తీశాడు.

2. బాత్రూమ్ గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మనుషులు పడేది అక్కడే.

మన ఇళ్లలో బాత్రూమ్ తలుపు సాధారణంగా ఫ్రేముతో కలిపి రెండున్నర అడుగులు. ఫ్రేము మందం, తెరిచిన తలుపు మందం పోతే మనిషి దూరే దారి రెండుంపావు అడుగులు మిగిలితే గొప్ప. మామూలు వీల్‌చైర్ ఒక చక్రం అంచు నుంచి ఇంకో చక్రం అంచుకే రెండడుగుల పైమాట, చక్రం తిప్పే వేళ్లకు చోటు అదనం. ఆడిప్ పథకం కింద ప్రభుత్వం కుర్చీ ఇస్తోంది, సంతోషం. ఆ కుర్చీ బాత్రూమ్ గడప దగ్గర ఆగుతుంది. అక్కణ్నుంచి లోపలికి మనిషిని ఎత్తుకునే పోవాలి. ఎత్తుకునేది ఎవరు? చాలా ఇళ్లలో అరవై దాటిన భార్యో, పదో తరగతి చదివే కొడుకో.

తలుపు లోపలికి తెరుచుకోవడం ఇంకో తంటా. లోపల మనిషి పడిపోతే తలుపుకి అడ్డంగా పడతాడు, బయటివాళ్లు నెట్టలేరు. మడత బందులు మార్చి తలుపు బయటికి తెరుచుకునేలా చేయడం వడ్రంగికి ఒక పూట పని. అడగాలని ఇంటివాళ్లకు తెలియదు, చెప్పాలని వడ్రంగికి తట్టదు.

ఇక కమ్మీలు. టైలు మీద డ్రిల్లు పెట్టి, ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి, అంగుళం స్క్రూలతో అచ్చం టవల్ రాడ్ బిగించినట్టే బిగించి పోతారు. తడి టవల్ మోయడం వేరు, పడబోతున్న 70 కిలోల మనిషిని ఆపడం వేరు. గోడ ఎర్ర ఇటుకదా, సిమెంటు బ్లాకుదా, లైట్ వెయిట్ బ్లాకుదా అన్నదాన్ని బట్టి యాంకరు, అంటే గోడలో దిగి కమ్మీని పట్టి ఉంచే బిగింపు, మారాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో లైట్ వెయిట్ బ్లాకుల గోడలు ఎక్కువ. వాటిలో మామూలు ప్లగ్గు బరువుకు ఆగదు. రంధ్రంలో గట్టిపడే జిగురుతో పట్టే కెమికల్ యాంకర్ వాడాలి, లేదా గోడకి అవతల వైపు ఇనుప పలక పెట్టి బోల్టు ఈ చివర నుంచి ఆ చివరకు బిగించాలి. "ఈ గోడ దేనితో కట్టారు సార్" అని అడిగిన ప్లంబరు నాకు ఇంతవరకు తగల్లేదు. ఈ మధ్య ఆన్‌లైన్‌లో రబ్బరు కప్పులతో గోడకి అతుక్కునే కమ్మీలు అమ్ముతున్నారు. వాటిని చూస్తే నాకు భయం.

కమ్మీ ఏ వైపు ఉండాలన్నది కూడా మనిషిని బట్టే. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన వాళ్లకు అది కుడిచేతికి అందాలి. మెట్ల దగ్గర అయితే ఎక్కేటప్పుడు కుడిచేతికి వచ్చిన కమ్మీ దిగేటప్పుడు ఎడమచేతి వైపు పడుతుంది, అంటే పనికిరాని చేతి వైపు. అందుకే రెండు పక్కలా ఉండాలి. కమోడ్ ఎత్తు, కమోడ్ పక్కన కుర్చీ ఆపుకునే చోటు, షవర్ కింద కూర్చునే బల్ల ఎత్తు అన్నీ ఇంతే. ఇవి తెలిసినవాళ్లు ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు. గోడకి డ్రిల్లు పెట్టేవాడు వాళ్లని జన్మలో కలవడు.

బాత్రూమ్ గడప తీసేయమని సలహా ఇవ్వడం తేలిక. తీసినవాడు నేల వాలు సరిచూసి, తలుపు దగ్గర జాలీ కాలువ పెట్టకపోతే స్నానం నీళ్లు పడగ్గదిలోకి వస్తాయి. పై అంతస్తులో అయితే వాటర్ ప్రూఫింగ్ పొర తెగి కింది ఫ్లాటు సీలింగుకి చెమ్మ దిగుతుంది. ఇక ఆ రోజు నుంచి అసోసియేషన్ మీటింగులో ఆ ఇంటి పేరు తప్ప ఇంకో పేరు వినపడదు.

ముఖద్వారం గడప సంగతి వేరనుకోండి. పసుపు రాసి బొట్లు పెట్టే గడపను కోసేయమని మా అమ్మతో అనే ధైర్యం నాకు లేదు. కోయక్కర్లేదు కూడా. దానికి రెండు వైపులా ఏటవాలు చెక్కలు అమర్చితే కుర్చీ సాఫీగా దాటుతుంది. పని తెలిసినవాడు ఇంటివాళ్ల నమ్మకంతో గొడవ పెట్టుకోడు, పక్కనుంచి దారి చూస్తాడు.

3. చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 44వ సెక్షన్ ప్రకారం ప్రాప్యతా నిబంధనలకు తగ్గట్టు లేని ప్లానుకు సంస్థలకు నిర్మాణ అనుమతి ఇవ్వకూడదు. 45వ సెక్షన్, ఉన్న ప్రజా భవనాలను మార్చడానికి ఐదేళ్ల గడువు పెట్టింది. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో, అంటే ఆ గడువు 2022లోనే తీరిపోయింది. 47వ సెక్షన్ ఇంజనీర్ల, ఆర్కిటెక్టుల చదువులో వైకల్యం ఒక పాఠంగా ఉండాలంటుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన, ఆ 2017 నిబంధనల్లోని 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తయారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయన నివేదిక ఎక్కడో ఢిల్లీలో రాసింది కాదు, మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం వైకల్య అధ్యయన కేంద్రం తయారు చేసింది.

ఇంత ఉన్నా, ఇదంతా కలెక్టరేట్ మెట్ల దాకా వచ్చి ఆగింది. వికలాంగుడు కలెక్టరేట్‌కి ఏడాదికి రెండుసార్లు పోతాడేమో, బాత్రూమ్‌కి రోజూ పోవాలి. ఫ్లాటు కొంటే బిల్డర్లను అదుపు చేసే రెరా చట్టం ఉంది, పని లోపం ఐదేళ్లలోపు బయటపడితే బిల్డరే బాగుచేయాలి. ఉన్న ఇంట్లో మార్పులు చేసే కాంట్రాక్టరుకు ఆ రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. కరెంటు పనికి వైర్‌మన్ పర్మిట్ ఉంది, కాంట్రాక్టరు లైసెన్సు ఉంది. మనిషి ప్రాణం ఆనుకునే కమ్మీ బిగించడానికి విజిటింగ్ కార్డు ఉంటే చాలు.

4. కాగితం మీద ఏమీ ఉండదు. "కూలి, మెటీరియల్ కలిపి ఇంత" అని నోటిమాట, సగం అడ్వాన్సు, మిగతాది పని మధ్యలో. బిల్లు అడిగితే జీఎస్టీ పడుతుందని భయపెడతారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఇది సేవాలోపమే. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు విలువైన సేవ మీద ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా దారి చెప్తారు. కానీ కమిషన్ ముందు ఏం చూపించాలి? ర్యాంపు ఇంత పొడవు వేస్తానని రాసిన ముక్క లేనప్పుడు, పొట్టిగా వేశాడని ఎలా రుజువు చేయాలి?

పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడి అమ్మానాన్నల ఇళ్లకు డబ్బు పంపే కుటుంబాలు మా కాలనీలోనే చాలా ఉన్నాయి. వాళ్లకి ఇక్కడి తంతు వింతగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఇంటి పని కాంట్రాక్టరు ముందుగా తీసుకునేది మొత్తం ధరలో పదో వంతుకో, వెయ్యి డాలర్లకో, ఏది తక్కువైతే దానికి మించకూడదు. ఆయన లైసెన్సు నంబరు ఇంటర్నెట్‌లో కొడితే అది చెల్లుతోందో లేదో, ఆయన మీద చర్యలేమైనా ఉన్నాయో కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం నాలాంటివాడు ఆధారపడేది పక్కింటాయన చెప్పిన మాట మీద.

5. దీని దెబ్బ ఎవరి మీద పడుతోంది? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులు 22.66 లక్షలు. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగిన ముసలివాళ్లు ఆ లెక్కలో ఎందరు చేరారో, ఎందరు చేరలేదో ఆలోచించండి. తెలంగాణలో వికలాంగుల పింఛను నెలకు రూ.4,016. ఆంధ్రప్రదేశ్‌లో రూ.6,000, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే రూ.15,000. నా తొలి ర్యాంపు వేయడానికి, దాన్ని పగలగొట్టడానికి, మళ్లీ వేయడానికి కలిపి లక్ష దాటింది. నాకు ఉద్యోగ పింఛను ఉంది కాబట్టి తట్టుకున్నాను. రూ.4,016 మీద బతికే ఇల్లు ఒక్కసారి మోసపోతే రెండోసారి చేయించుకోలేదు. ఆ తప్పుడు ర్యాంపు అలాగే ఉంటుంది, దాని మీద పిల్లలు జారుడుబల్ల ఆడుకుంటారు, మనిషి లోపలే ఉండిపోతాడు.

లోపలే ఉండిపోతే ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు. బాత్రూమ్‌కి ఎవరూ తీసుకెళ్లలేని వేళల్లో నీళ్లు తాగడం తగ్గించేస్తారు. అది మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కి దారి తీస్తుంది. మంచం మీదే ఎక్కువసేపు ఉంటే పుండ్లు పడతాయి. చూసుకునేవాళ్ల నడుములు పోతాయి, కూలికో ఉద్యోగానికో వెళ్లే కోడలు మానేస్తుంది. సదరం క్యాంపులో డాక్టర్లు మా ఒంట్లో ఎంత శాతం పోయిందో కొలిచి సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటి తలుపు ఎన్ని అంగుళాలో అక్కడ ఎవరూ అడగరు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల గతి ఇంకా అధ్వానం, గోడకి మేకు కొడితేనే ఒప్పుకోని ఓనరు తలుపు వెడల్పు చేయనిస్తాడా?

మా డిమాండ్లు ఇవి. మా అంటున్నది ఊరికే కాదు. ఈ ఉత్తరం రాసేముందు మా చుట్టుపక్కల వీల్‌చైర్ వాడేవాళ్లతో, పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడాను.

1. శిక్షణ. హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, మనం న్యాక్ అంటాం, 1998 నుంచి మేస్త్రిలకు, ప్లంబర్లకు, ఎలక్ట్రీషియన్లకు పని నేర్పుతోంది. అక్కడా, మిగతా శిక్షణ కేంద్రాల్లోనూ ఇంటి మార్పుల మీద ఒక చిన్న కోర్సు పెట్టండి. ర్యాంపు లెక్క, గోడకు తగ్గ యాంకరు, గడప లేని బాత్రూమ్‌లో నీటి వాలు, తలుపు వెడల్పు చేసేటప్పుడు పైన గోడ బరువు మోసే లింటెల్ దూలం సంగతి. పరీక్ష ప్రాక్టికల్‌గా ఉండాలి. వేసిన ర్యాంపును వీల్‌చైర్ వాడేవాళ్లే ఎక్కి చూసి మార్కులు వేయాలి. కేంద్రం 2023లో తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో తాపీ మేస్త్రి, వడ్రంగి ఇద్దరూ ఉన్నారు. రోజుకు రూ.500 స్టైపెండ్‌తో ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ అందులో ఉంది. అందులో ఒక్క రోజు దీనికి ఇవ్వండి. డబ్బు ఎక్కడిది అంటారేమో. నిర్మాణ ఖర్చు మీద భవన కార్మికుల సంక్షేమానికని 1 శాతం సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ కార్మికుడి చేతికి కొత్త పని నేర్పడం కంటే సంక్షేమం ఏముంది?

2. పేర్ల జాబితా. శిక్షణ పూర్తి చేసినవాళ్ల పేరు, ఫోన్ నంబరు, చేసే పని, ఊరు మున్సిపాలిటీ వార్డు కార్యాలయంలో గోడ మీద ఉండాలి, ఆన్‌లైన్‌లోనూ ఉండాలి. రుజువైన ఫిర్యాదులు పేరు పక్కనే కనిపించాలి. మూడు వస్తే పేరు తీసేయాలి. గ్రామాలకు మండల కార్యాలయంలో ఇదే జాబితా. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

3. కొలతలు తీసే మనిషి. మేస్త్రి రాకముందు ఫిజియోథెరపిస్టో, ఆక్యుపేషనల్ థెరపిస్టో ఇంటికి వచ్చి మనిషినీ ఇంటినీ కలిపి చూసి ఒక పేజీ రాసివ్వాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపిస్టులు అక్కడికి వస్తూనే ఉన్నారు. ముందు ఆ పిల్లల ఇళ్లతో మొదలుపెట్టొచ్చు. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేసేటప్పుడు మందుల చీటీతో పాటు ఈ కాగితం కూడా ఇవ్వొచ్చు.

4. నమూనా ఒప్పందం. తెలుగులో ఒకే పేజీ. ర్యాంపు పొడవు, ఎత్తు, వెడల్పు, తలుపు తెరిచాక మిగిలే దారి, కమ్మీ ఎత్తు, యాంకరు రకం, టైలు రకం రాసుకునే గడులు. అడ్వాన్సు పదిహేను శాతం దాటకూడదు. మిగతాది పని దశల్ని బట్టి. చివరి భాగం, ఆ ఇంటి మనిషి కుర్చీతో లోపలికీ బయటికీ తిరిగి చూసుకున్నాకే. ఏడాదిలోపు ఊడినా, కారినా ఉచితంగా బాగుచేయాలి. ఇది మీరు అచ్చువేసి జనంలోకి పంపితే చాలు, వినియోగదారుల కమిషన్‌లో దానికి విలువ ఉంటుంది.

5. ఆర్థిక సాయం. హక్కుల చట్టం 37వ సెక్షన్ ఇళ్ల పథకాల్లో వికలాంగులకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే రూ.5 లక్షల అంచనాలో ఆ 5 శాతం ఇళ్లకైనా వెడల్పు తలుపు, గడప లేని బాత్రూమ్, ర్యాంపు ముందే చేర్చండి. గోడ లేపేటప్పుడు తలుపు ఆరంగుళాలు వెడల్పు పెట్టడానికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. అదే తర్వాత అయితే గోడ కోయాలి, లింటెల్ మార్చాలి, టైల్స్ మళ్లీ వేయాలి. ఇప్పటికే ఇల్లున్న పేదలకు, జాబితాలో ఉన్నవాళ్లతో చేయించుకుంటేనే అనే షరతుతో గ్రాంటు ఇవ్వండి. డబ్బుకీ జాబితాకీ ముడిపెడితే మేస్త్రిలే శిక్షణకు క్యూ కడతారు.

6. అనుమతులు. సెట్‌బ్యాక్‌లో, అంటే ఇంటి చుట్టూ నిబంధన ప్రకారం వదలాల్సిన ఖాళీలో, వీల్‌చైర్ ర్యాంపు వేసుకోవచ్చా, వద్దా? నాకు ఒక్కో అధికారి ఒక్కో మాట చెప్పారు. వేసుకోవచ్చని ఒక్క వాక్యంతో సర్క్యులర్ ఇవ్వండి. అపార్ట్‌మెంట్లలో సెల్లారు నుంచి లిఫ్టు దాకా నాలుగైదు మెట్లు పెట్టి కట్టేశారు. అక్కడ ర్యాంపుకు ఎలివేషన్, అంటే భవనం ముందు రూపు, పాడవుతుందనే సాకుతో అసోసియేషన్ అడ్డుపడకూడదని చెప్పండి. అద్దె ఇళ్లలో తిరిగి తీసేయగలిగే మార్పులకు ఓనరు కాదనకూడదని చెప్పండి.

కాంట్రాక్టర్లకు, మేస్త్రి అన్నలకు ఇంకో మాట. మీ మీద కోపంతో రాయలేదు. మీకు ఎవరూ నేర్పలేదు, మేం అడగడం కూడా మొన్న మొన్ననే మొదలైంది. కానీ "ఏం కాదు సార్, రెండ్రోజులు పోతే అలవాటైపోతుంది" అనే మాట మాత్రం మానేయండి. 1:4 వాలు ఎవరికీ అలవాటు కాదు. కమ్మీ బిగించాక వెళ్లిపోయే ముందు మీ బరువంతా వేసి దానికి వేలాడి చూడండి. ర్యాంపు పూర్తయ్యాక అదే కుర్చీలో కూర్చుని మీరే ఎక్కి చూడండి. మేం కూర్చునే కుర్చీయే కదా, ఇస్తాం. తెలియని పని ఒప్పుకోకండి, తెలియదని చెప్పినవాడి మీద మాకు గౌరవం తగ్గదు. ఇది చిన్న పని అని అనుకోకండి కూడా. ముసలివాళ్లు పెరుగుతున్న ఊళ్లలో ఇది మీకు పదేళ్ల పాటు తిండి పెట్టే పని.

ఈలోగా పని చేయించుకోబోతున్న కుటుంబాలకు: జాబితా వచ్చేదాకా ఆగలేరు కాబట్టి ఇంతకుముందు ఇలాంటి పని చేసిన ఇల్లు ఏదో అడిగి, ఆ ఇంటికే వెళ్లి చూడండి. ఫోటోలు నమ్మకండి. ఆ ఇంట్లో వీల్‌చైర్ వాడే మనిషితోనే మాట్లాడండి, ఇంటి పెద్దతో కాదు. "అరుగు ఇంత ఎత్తుంది, ర్యాంపు ఎంత పొడవు వస్తుంది?" అని అడగండి. టేపు తీయకుండా జవాబు చెప్పినవాణ్ని పంపించేయండి. పాత టైల్స్ మీదే కొత్తవి అతికిస్తానంటే నేల ఎత్తు పెరిగి కొత్త మెట్టు పుడుతుందని గుర్తుంచుకోండి. డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో ఇవ్వండి, కనీసం ఇచ్చినట్టు ఆధారం ఉంటుంది.

కమిషనర్ గారికి విడిగా మనవి. హక్కుల చట్టం 80వ సెక్షన్ మీకు ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా విచారణ మొదలుపెట్టే అధికారం ఇచ్చింది. మీరు సిఫారసు చేస్తే సంబంధిత అధికారి మూడు నెలల్లోపు ఏం చేశారో మీకు చెప్పాలని 81వ సెక్షన్ అంటుంది. పై ఆరు అంశాల్లో ఏది ఏ శాఖ పని అన్నది మీరు తేల్చితే, మేం ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి తిరగడం ఆగుతుంది. మెట్లున్న గుమ్మాలే అన్నీ.

ఈ ఉత్తరానికి రాతపూర్వక జవాబు కావాలి. ఒక్కో డిమాండ్ ఎదుట బాధ్యుడైన అధికారి హోదా, పూర్తి చేసే తేదీ రాసి ఉండాలి. కుదరనిది ఉంటే ఎందుకు కుదరదో రాయండి, అది కూడా జవాబే. 60 రోజులు చూస్తాం. ఆ తర్వాత ఇదే కాగితానికి ఇళ్ల ఫోటోలు, కొలతలు, ఖర్చుల వివరాలు జతచేసి 80వ సెక్షన్ కింద పిటిషన్ వేస్తాం. సంతకాలు తీసుకోవడం మొదలైంది.

ఇట్లు,
వీల్‌చైర్ వాడే ఒక విశ్రాంత ఉద్యోగి,
హనుమకొండ